ఎండిన చెరువులో 6.8 ఆక్సిజన్
(డిగ్రీ బోర్డ్ ఆఫ్ స్టడీస్ సభ్యులకు బహిరంగ లేఖ)

రాయలసీమ డిగ్రీ కాలేజీలకు జంతుశాస్త్రం, వృక్షశాస్త్రం సిలబస్ రాసే పెద్దలకు నమస్కారం.

నేను కడప జిల్లాలో ఇరవై ఏడేళ్ళు జంతుశాస్త్రం చెప్పి రిటైరయ్యాను. మీలో కొందరితో కలిసి పేపర్లు దిద్దాను, ఎక్స్‌టర్నల్‌గా ఊళ్ళు తిరిగాను, ఒకే క్యారియర్‌లో అన్నం పంచుకున్నాను. చెరువు నీళ్ళ ప్రాక్టికల్స్‌ను ల్యాబులోంచి చెరువు కట్ట మీదికి తీసుకుపొమ్మని అడగడానికే ఈ ఉత్తరం. కాబట్టి ఇది బయటివాడి ఫిర్యాదు అనుకోవద్దు. ఇందులో నా తప్పు కూడా ఉంది. ముందు దాన్నే చెబుతాను.

ఒక కరువు సంవత్సరం. ప్రాక్టికల్ పరీక్షల ముందు రికార్డులు దిద్దుతున్నాను. ప్రయోగం పేరు ‘చెరువు నీటిలో కరిగిన ఆక్సిజన్ అంచనా’. నలభై రెండు రికార్డులున్నాయి, అన్నిట్లోనూ ఫలితం ఒకటే: లీటరుకు 6.8 మిల్లీగ్రాములు. శాంపిల్ తీసిన చోటు కూడా ఒకటే, మా కాలేజీకి పన్నెండు కిలోమీటర్ల దూరంలోని చెరువు. అందరూ ఒకే సీసాలోంచి చేసుంటారులే అనుకుని సంతకాలు పెట్టుకుంటూ పోయాను. ఆ ఆదివారం బంధువుల పెళ్ళికి పోతుంటే బస్సు ఆ చెరువు కట్ట మీదుగానే వెళ్ళింది. కిటికీలోంచి చూద్దును కదా, చెరువులో చుక్క నీళ్ళు లేవు. నడిమధ్యలో గొర్రెలు మేస్తున్నాయి. పిల్లలు మూడు కట్టెలు పాతుకుని క్రికెట్ ఆడుతున్నారు. తూము ముందర సర్కారు తుమ్మ మనిషెత్తు పెరిగింది. తుమ్మ ఆ ఎత్తుకు రావాలంటే ఒక్క ఎండాకాలం చాలదు. అంటే కనీసం రెండేళ్ళుగా మా పిల్లలు లేని నీళ్ళలో ఆక్సిజన్ కొలుస్తున్నారు, నేను ఎర్ర పెన్నుతో టిక్కు కొడుతున్నాను.

సోమవారం క్లాసులో అడిగాను. 6.8 సీనియర్ రికార్డులోంచి వచ్చిందట. ఆ సీనియర్‌కు వాళ్ళ సీనియర్ ఇచ్చాడట. చివరికి ఒక అమ్మాయి, వెటకారమేమీ లేకుండా, “ప్రతి సంవత్సరం మీరే కరెక్ట్ అని పెట్టారు కదా సార్” అంది. ఆ పూట పాఠం చెప్పలేకపోయాను.

ఇక చెరువులో నీళ్ళున్న సంవత్సరాల సంగతి. పరీక్ష రోజు పొద్దున అటెండరు బండి మీద పోయి, రెండు లీటర్ల కూల్‌డ్రింక్ సీసాను కట్ట మెట్ల దగ్గర ముంచి తెస్తాడు. మెట్ల దగ్గరంటే బట్టలు ఉతికేచోటు, బర్రెలు దిగేచోటు. సగం నిండిన సీసా దారిపొడుగునా గుంతల్లో ఎగిరెగిరి పడుతుంది. మజ్జిగ చిలికినట్టు గాలి నీళ్ళలో కలుస్తుంది. మరోపక్క ఆ నీళ్ళలోని పాచి, సూక్ష్మజీవులు చీకటి డిక్కీలో ఊపిరి పీలుస్తూ ఉన్న ఆక్సిజన్‌ను తింటుంటాయి. రెండు గంటల తర్వాత పిల్లలు తెల్లకోట్లు వేసుకుని, బ్యూరెట్ (కొలత గీతలున్న గాజు గొట్టం) ముందు నిలబడి, రెండో దశాంశం దాకా లెక్కకట్టి ఒక అంకె తేలుస్తారు. ఆ అంకెను ‘డిక్కీలో ఆక్సిజన్’ అని రాసుకుంటే సరిపోతుంది.

1888లో హంగేరీ రసాయన శాస్త్రవేత్త లాయోష్ వింక్లర్ కనిపెట్టిన పద్ధతిలో ఈ చిక్కుకు విరుగుడు ఉంది. నీళ్ళు తీసిన చోటే, తీసిన నిమిషంలోనే, సీసాలో మాంగనీస్ సల్ఫేట్, క్షార అయోడైడ్ ద్రావణాలు పోసి మూత బిగిస్తే ఆక్సిజన్ అక్కడికక్కడే కట్టుబడిపోతుంది. ఆ తర్వాత టైట్రేషన్, అంటే బ్యూరెట్‌లోంచి చుక్కచుక్కగా ద్రావణం వదిలి లెక్కకట్టడం, కాస్త ఆలస్యమైనా పెద్ద నష్టం లేదు. నీళ్ళలో ఆక్సిజన్ దండిగా ఉంటే ముదురు గోధుమ రంగు మడ్డి దిగుతుంది. అస్సలు లేకపోతే ఆ మడ్డి తెల్లగానే ఉండిపోతుంది. కళ్ళకు కనిపించే సాక్ష్యం ఇది, బ్యూరెట్ కూడా అక్కర్లేదు. మా దగ్గర వాడిన మాన్యువల్‌లో ఈ పద్ధతి నాలుగు పేజీలుంది. మొదటి రెండు ద్రావణాలు చెరువు ఒడ్డునే పోయాలన్న ఒక్క వాక్యం మాత్రం లేదు.

రెండేళ్ళ తర్వాత మంచి వానలు పడ్డాయి. చెరువు నిండి మరువ పారింది. అప్పుడు పద్నాలుగు మంది పిల్లల్ని, తోడుగా వృక్షశాస్త్రం మేడమ్‌ను తీసుకుని, ఒక శనివారం మధ్యాహ్నం నుంచి ఆదివారం మధ్యాహ్నం దాకా ఆ కట్ట మీదే ఉన్నాను. సిలబస్‌లో లేదు, టీఏ లేదు. ప్రిన్సిపాల్‌గారి అనుమతి నోటిమాటే. చెరువులో చేపలు పట్టే పెద్దాయన తన పుట్టి ఇచ్చాడు, దాన్ని నడపడానికి తనూ వచ్చాడు.

మొదటి పని నీటి తేటదనం కొలవడం. ఇటలీలో ఆంజెలో సెక్కీ అనే క్రైస్తవ గురువు, ఖగోళ శాస్త్రవేత్త కూడా, 1865లో పోప్‌గారి ఓడ మీంచి మధ్యధరా సముద్రంలోకి తెల్లటి పళ్ళేలు దింపి, ఎంత లోతులో కంటికి కనబడకుండా పోతాయో చూశాడు. చెరువులకు ఇప్పుడు వాడేది ఇరవై సెంటీమీటర్ల బిళ్ళ, నాలుగు భాగాలు చేసి నలుపు, తెలుపు రంగులు వేస్తారు. మేం టిఫిన్ ప్లేటుకు రంగు పూసి, కింద తూకపు గుండు వేలాడదీసి, తాడుకు పది సెంటీమీటర్లకో ఎర్రదారం ముడి కట్టాం. ఖర్చు ఒక బిర్యానీ అంత కూడా కాలేదు. పుట్టి ఒకచోట నిలవదు కదా, గిర్రున తిరుగుతుంది. ఒకడు నలభై అయిదు అంటాడు, ఇంకొకడు యాభై రెండు అంటాడు. ఒకడికి ఎండ ఎదురుగా ఉంది, ఒకడికి వీపు వెనక ఉంది. నీడవైపు కూర్చుని చూడాలని, మాయమైన లోతు ఒకటి, పైకి లాగుతుంటే మళ్ళీ కనబడిన లోతు ఒకటి తీసి సగటు కట్టాలని అప్పుడు చెప్పాను. అదే మాట క్లాసులో పదిసార్లు చెప్పినా ఎక్కలేదు. పుట్టిలో కొట్లాడుకున్నాక ఒక్కసారికే ఎక్కింది. ఇంకో సంగతి, బిళ్ళ తొందరగా మాయమైందంటే పాచి ఎక్కువని రాసేయకూడదు. మన ఎర్రనేలల్లో వాన పడ్డ వారం నీళ్ళు ఎర్రగా ఉంటాయి, అది మట్టి. పచ్చగా ఉంటే పాచి. బిళ్ళ లోతుతో పాటు నీళ్ళ రంగు కూడా నోటుబుక్కులో రాయాలి.

అడుగు నీళ్ళు తీయడంలో నా అజ్ఞానం బయటపడింది. సీసాకు రాయి కట్టి, బిరడాకు వేరే దారం కట్టి, మూడు మీటర్ల లోతుకు దింపి దారం గుంజాలి. బిరడా ఊడి నీళ్ళు నిండుతాయి. నేను చదువుకున్న రోజుల నుంచీ అట్లాగే చేశాం. సాయంత్రం ఆరింటి శాంపిల్లో అడుగు సీసా కూడా బాగా ముదురు రంగు తేలింది. 6.8 ఎక్కడిదని అడిగినప్పుడు నా నోరు మూయించిన అమ్మాయి చెల్లెలు కూడా ఆ బ్యాచ్‌లోనే ఉంది. “సార్, బిరడా ఊడినప్పుడు గుడగుడమని బుడగలొచ్చాయి కదా, ఆ గాలి మన సీసాలోదే కదా. నీళ్ళలో కలిసుండదా?” అని అడిగింది. కలుస్తుంది మరి. ముప్పై ఏళ్ళ కిందటి నా ఎం.ఎస్సీ. డిజర్టేషన్‌లో అడుగు ఆక్సిజన్ అంకెలన్నీ ఆ ఒక్క ప్రశ్నతో గల్లంతయ్యాయి.

రాత్రి తొమ్మిదింటికల్లా పిల్లలే మార్గం వెతికారు. ఒకరి ఇంటినుంచి ఆవకాయ తెచ్చిన వెడల్పు మూతి ప్లాస్టిక్ డబ్బాను కడిగి, అందులో ఆక్సిజన్ సీసాను నిలబెట్టి, డబ్బా మూతకు రెండు చిల్లులు పెట్టారు. ఒక చిల్లులోంచి రబ్బరు గొట్టం లోపలి సీసా అడుగు దాకా పోతుంది. రెండో చిల్లులోంచి గాలి బయటికి పోతుంది. నీళ్ళు ముందు సీసాను నింపి, పొర్లి, ఆ తర్వాత డబ్బాను నింపుతాయి. గాలి తగిలిన మొదటి నీళ్ళన్నీ డబ్బాలోకి పోయి, సీసాలో తర్వాత వచ్చిన నికరమైన నీళ్ళు మిగులుతాయి. పెద్ద ల్యాబుల వాళ్ళు ఇదే సూత్రంతో ఇత్తడి పరికరాలు కొంటారు. మా దానికి ఆవకాయ వాసన ఒక్కటే తేడా.

మూడు గంటలకోసారి పుట్టి ఎక్కడం, తీయడం, ద్రావణాలు పోయడం, సీసాను నీళ్ళ తొట్టిలో చీకట్లో పెట్టడం. మధ్యలో టీ, దోమలు, అంత్యాక్షరి. తెల్లవారుజామున చేపల పెద్దాయన మమ్మల్ని తూము దగ్గరికి పిలిచాడు. టార్చి వేస్తే నీటిమీద చేపల నోళ్ళు. వందలకొద్దీ జిలేబీ చేపలు పైకొచ్చి నోరు తెరిచి మూస్తున్నాయి. “ఈ జామున చేపకు ఊపిరాడదు సార్, పైకొచ్చి గుటకలేస్తాది. పొద్దెక్కినాక మళ్ళా కిందికి పోతాది. మాకు తెలిసిందే ఇది” అన్నాడు.

ఆరు గంటలకు తొట్టిలోంచి సీసాలు తీసి కట్ట రాళ్ళ మీద వరుసగా పెట్టాం. పైనీళ్ళ సీసాలు ఆరు. మధ్యాహ్నం మూడింటిది పాతబెల్లం రంగు. ఆరింటిది కొంచెం తక్కువ. అట్లా పలచబడుతూ పోయి, తెల్లవారి ఆరింటిది పాలెక్కువైన టీ లాగా ఉంది. పక్కనే అదే వేళ అడుగునుంచి తీసిన సీసా. అందులో మడ్డి తెల్లగా, విరిగిన పాలలా ఉంది. ఎవరూ మాట్లాడలేదు. చేపల పెద్దాయన వంగి చూసి, ఆ తెల్ల సీసాను వేలితో చూపించి, “ఇదేనా మీరు చెప్పే గాలి లేకపోవడం?” అన్నాడు. ఆయనకు తెలిసినదీ మాకు తెలిసినదీ ఒకటేనని ఆ రాయి మీద తేలింది.

తర్వాత టైట్రేషన్ చేశాం. 0.025 నార్మల్ థయోసల్ఫేట్‌తో రెండువందల మిల్లీలీటర్ల శాంపిల్‌ను టైట్రేట్ చేస్తే, ఖర్చయిన ప్రతి మిల్లీలీటరూ లీటరుకు ఒక మిల్లీగ్రాము ఆక్సిజన్. మధ్యాహ్నం సీసాకు బ్యూరెట్ పన్నెండు దాటింది. తెల్లవారుజాము సీసాకు, గంజి కలిపితే వచ్చిన నీలం రంగు రెండు దగ్గరే పోయింది. ముప్పై డిగ్రీల నీళ్ళు గాలినుంచి మామూలుగా ఇముడ్చుకోగలిగేది ఏడున్నర మిల్లీగ్రాములే. పన్నెండు ఎక్కడిది? పగలు పాచి ఎండలో తయారుచేసి నీళ్ళలోకి వదిలింది. రాత్రి అదే పాచి, చేపలు, అడుగు బురద కలిసి దాన్ని తినేశాయి. ఇప్పుడు ఆ 6.8 సంగతి ఆలోచించండి. ఎక్కేటప్పుడొకసారి, దిగేటప్పుడొకసారి ఆ చెరువు 6.8 మీదుగా పోయే ఉంటుంది. టైము రాయని శాంపిల్‌కు విలువ లేదంటే ఇదే. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి లెక్కన చేపల పెంపకానికి పనికొచ్చే నీళ్ళలో ఆక్సిజన్ లీటరుకు 4 మిల్లీగ్రాములకు తగ్గకూడదు. మా చెరువు మధ్యాహ్నం ఫస్ట్‌క్లాసులో పాసు, తెల్లవారుజామున ఫెయిలు. మన అటెండర్లందరూ తొమ్మిది దాటాకే బండి తీస్తారు.

ఇంతకీ మనం పిల్లలకు చెప్పే సరస్సు ఏది? పుస్తకంలో బొమ్మ ఉంటుంది. చలికాలం పైన మంచు, కింద 4 డిగ్రీల నీళ్ళు, వసంతంలో ఒకసారి, శరదృతువులో ఒకసారి పైదీ కిందిదీ కలిసిపోవడం. ఆ బొమ్మను మా పిల్లలు రంగు పెన్సిళ్ళతో ఎంత అందంగా వేస్తారో! బయట ఎండ 43. మన చెరువులకు మంచు లేదు, నాలుగు ఋతువుల తిరగబడటం లేదు. రెండు మూడు మీటర్ల లోతు. పగలు పైపొర వేడెక్కి అడుగునుంచి విడిపోతుంది, రాత్రి చల్లబడి, గాలికి మళ్ళీ కలుస్తుంది. పుస్తకంలో ఏడాదికి జరిగే కథ మన దగ్గర చాలామటుకు ఒక్కరోజులో నడుస్తుంది. ఒక రాత్రి కట్టమీద ఉంటేనే అది కనబడుతుంది. ఆ బొమ్మ తీసేయమనడం లేదు, దాని పక్కన మన చెరువు బొమ్మ కూడా ఒకటి వేయించమంటున్నాను.

ఇక్కడ పోరుమామిళ్ళ శాసనం సంగతి తేకుండా ఉండలేను. మన జిల్లావాళ్ళం, అలవాటు. 1369లో, బుక్కరాయల కొడుకు భాస్కరుడు అనంతరాజసాగరం తవ్వించి, రాతిమీద ఆ వివరాలు చెక్కించాడు. రోజుకు వెయ్యిమంది కూలీలు, వంద బండ్లు, రెండేళ్ళ పని. మంచి చెరువుకు పన్నెండు అంగాలు చెప్పాడు. మొదటిది ధర్మపరుడైన రాజు, రెండోది జలశాస్త్రం తెలిసిన పండితుడు. ఆ తర్వాతే గట్టి మట్టి, తియ్యటి నీళ్ళ ఏరు, కొండలు, రాళ్ళ గని. ఆరు దోషాలూ చెప్పాడు. కట్ట ఊరడం, చౌడు నేల, రెండు రాజ్యాల సరిహద్దులో ఉండటం, చెరువు మధ్యలో మిట్ట, నీళ్ళు తక్కువై ఆయకట్టు ఎక్కువవడం, నీళ్ళు ఎక్కువై పొలం తక్కువవడం. ఆ చౌడు దోషాన్ని కొలవడానికి ఇప్పుడు మన చేతిలో పెన్ను సైజు కండక్టివిటీ మీటరు ఉంది. జనవరి నుంచి మే దాకా నెలకోసారి ముంచితే, నీళ్ళు ఆవిరయ్యే కొద్దీ ఉప్పు ఎట్లా చిక్కబడుతుందో ఇంటర్ పిల్లవాడు కూడా గ్రాఫ్ గీస్తాడు. రాతి శాసనమున్న జిల్లాలో ఒక్క చెరువుకైనా అట్లాంటి పదేళ్ళ గ్రాఫు ఏ డిగ్రీ కాలేజీ గోడ మీదా నేను చూడలేదు. నా కాలేజీ గోడ మీద కూడా లేదు, అది నా లోటే.

అమెరికాలో మోంటానా విశ్వవిద్యాలయం ఫ్లాట్‌హెడ్ సరస్సు ఒడ్డున 1899 నుంచి ఒక స్టేషన్ నడుపుతోంది. కెనడాలో 1973లో ఒక చిన్న సరస్సును నడుమ తెర కట్టి రెండు చేశారు. రెండువైపులా కార్బన్, నత్రజని వేసి, ఒకవైపు మాత్రం భాస్వరం కూడా కలిపారు. భాస్వరం వేసిన వైపు పచ్చగా పాచిపట్టింది. నీళ్ళలో పాచికి కారణం భాస్వరమని ఆకాశంలోంచి తీసిన ఒక్క ఫొటో లోకానికి చూపించింది. అంత పనులు మనం చేయాలని నేననడం లేదు. నేను అడిగేది ఒక చెరువు కట్ట పక్కన రెండు గదులు, ఒక బాత్‌రూమ్, తాళం వేసుకునే బీరువా. నీటిపారుదల శాఖ పాత బంగళాలు, లస్కర్ల గదులు ఎన్ని ఊళ్ళలో తలుపులు ఊడి పడున్నాయో మీకు తెలుసు. చుట్టుపక్కల అయిదారు కాలేజీలు కలిసి ఒక దాన్ని బాగుచేయించుకుంటే, వారానికొక కాలేజీ వంతు వేసుకోవచ్చు.

సిలబస్‌లో చోటు లేదంటారేమో. 2020-21 నుంచి డిగ్రీ పిల్లలకు కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్ట్ పెట్టారు, 180 గంటలు. అందులో ఎక్కువ భాగం ప్రశ్నాపత్రాలు పట్టుకుని ఇళ్ళు తిరిగి, ఆ పైన డేటా మొత్తం హాస్టల్ మంచం మీద కూర్చుని నింపేయడమే. నేను చూసినంతలో అంతే. ఆ గంటల్లోంచి ఇరవై నాలుగు తీసి చెరువుకు ఇవ్వండి. జీఓ అక్కర్లేదు, మీ మీటింగులో ఒక తీర్మానం చాలు. మార్కులు మాత్రం ఫెయిర్ రికార్డుకు వద్దు, కట్టమీద రాసిన నోటుబుక్కుకే ఇవ్వండి. అది తడిసి ఉంటుంది, బురద మరకలుంటాయి, కొట్టివేతలుంటాయి. ఎక్స్‌టర్నల్‌గా వచ్చినవాళ్ళు సూత్రాలు అడగడం మాని, ‘ఈ శాంపిల్ ఎన్ని గంటలకు తీశావు, గాలి ఎటునుంచి వస్తోంది, నీతో పుట్టిలో ఎవరున్నారు’ అని అడగాలి. కాపీ కొట్టినవాడు రెండో ప్రశ్నకే దొరుకుతాడు. చెరువు ఎండిన సంవత్సరం ‘నీళ్ళు లేవు’ అని తేదీ వేసి రాసినవాడికి పూర్తి మార్కులివ్వండి. అదీ డేటానే. మా నలభై రెండు రికార్డుల్లో ఒక్కటైనా అట్లా రాసి ఉంటే ఈ ఉత్తరమే ఉండేది కాదు.

ప్రమాదం సంగతి దాచను. రెండోసారి తీసుకుపోతానంటే మా ప్రిన్సిపాల్‌గారు ఫైలు పక్కకు నెట్టి, “ఒక్క పిల్ల మునిగినా నేను, మీరు ఇద్దరం జైల్లో ఉంటాం” అన్నారు. అప్పుడు కోపమొచ్చింది కానీ ఆయన మాట తప్పు కాదు. మన చెరువుల్లో మట్టికోసం ట్రాక్టర్లు తవ్విన గుంతలు నీటి కింద కనబడవు. మోకాలి లోతని అడుగు వేస్తే తలదాకా పోతాం. ఏటా ఎక్కడో ఒకచోట పిల్లలు పోయారన్న వార్త చదువుతూనే ఉన్నాం. కాబట్టి నీళ్ళలోకి దిగి శాంపిల్ తీయడాన్ని రాతపూర్వకంగా నిషేధించండి. పుట్టిలో లైఫ్ జాకెట్ లేకుండా ఎవరినీ ఎక్కించకూడదు, నడిపేది చెరువు తెలిసిన మనిషే కావాలి, ఒక్కసారికి ఇద్దరు పిల్లలు చాలు. ఆడపిల్లలు ఉంటే మహిళా లెక్చరర్ రాత్రంతా ఉండాలి, ఆమెకు ఆ గదుల్లో ఒకటి ఉండాలి. అందుకే బాత్‌రూమ్ అని ముందే రాశాను. అది లేకపోతే ఆడపిల్లల ఇళ్ళల్లో ఒప్పుకోరు, సగం క్లాసు ఇంట్లోనే ఉండిపోతుంది. లైఫ్ జాకెట్లకు డబ్బుల్లేవని మాత్రం అనకండి. ప్రతి కాలేజీలో ల్యాబ్ ఫండ్‌తో కొన్న గాజు సామాను డబ్బాలు విప్పకుండా బీరువాల్లో ఉంది.

ఈ ఏడు మా చెరువుకు నీళ్ళొచ్చాయి. కార్తీకం దాటాక వచ్చే ఏదో ఒక శనివారం మీరే రండి, నలుగురైనా చాలు. చేపల పెద్దాయన పోయారు, ఆయన కొడుకు పుట్టి ఇస్తానన్నాడు. తెల్లవారి నాలుగింటికే రావాలని, పొద్దెక్కాక వస్తే చూడ్డానికేమీ ఉండదని మరీ మరీ చెప్పాడు. సీసాలు, ఆవకాయ డబ్బా నా దగ్గరున్నాయి. దుప్పటి, టార్చి తెచ్చుకోండి. థయోసల్ఫేట్ మాత్రం ఆ వారమే కలిపి, డైక్రోమేట్‌తో సరిచూసింది తీసుకురండి. స్టోర్‌రూమ్‌లో ఆర్నెల్లుగా ఉన్న సీసా ఎత్తుకు రావద్దు.

ఇట్లు,
జంతుశాస్త్రం చెప్పి రిటైరైన ఒక లెక్చరర్,
కడప జిల్లా